కొత్త స్పీకర్లకు ఏ రిసీవర్, ఏ వైరు?

ప్రశ్న: మాది అనంతపురం, సాయినగర్. మేడ మీద 18 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు ఉన్న హాలును సినిమాలు చూడటానికి కేటాయించుకున్నాం. బెంగళూరులో ఒక 5.1 స్పీకర్ల సెట్టు కొన్నాను. ముందువైపుకు రెండు టవర్లు, ఒక సెంటర్ స్పీకర్, వెనుకవైపుకు రెండు చిన్న స్పీకర్లు, సొంత కరెంటు ప్లగ్గు ఉన్న సబ్‌ఊఫర్ వచ్చాయి. టవర్ల మీదా సెంటర్ మీదా 6 ఓంలు, 88 డెసిబెళ్లు, 30 నుంచి 150 వాట్లు అని రాసి ఉంది. వెనుక స్పీకర్లు 8 ఓంలవి. చానెల్‌కు 150 వాట్లు లేని రిసీవర్ (టీవీ శబ్దాన్ని తీసుకుని స్పీకర్లను నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) పెడితే స్పీకర్లు కాలిపోతాయనీ, మీటరు 900 రూపాయల కేబుల్ వేయకపోతే ఇంత పెట్టి కొన్నది వృథా అనీ దుకాణదారు అంటున్నారు. ఇంటి లైట్లకు వేయగా మిగిలిన 1 స్క్వేర్ (రాగి మందం 1 చదరపు మిల్లీమీటరు) వైరు చాలునని మా ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. అమెరికా నుంచి వస్తున్న మా బావమరిది అక్కడే రిసీవర్ కొని తెస్తానంటున్నాడు. టీవీకి ఆప్టికల్ వైరు వేయాలా, హెచ్‌డీఎంఐ వేయాలా అన్నది ఇంట్లో తెగని వాదం. మా పాత హోమ్ థియేటర్ పెట్టె ఇంకా పనిచేస్తోంది, దానికే ఈ స్పీకర్లను తగిలించవచ్చా? సోఫా ముందు స్పీకర్లకు సుమారు 10 అడుగుల దూరంలో ఉంటుంది.

సమాధానం: మీ ఉత్తరంలో నాకు బాగా అక్కరకొచ్చినవి టవర్ల వెనుక పట్టీ మీది ఆ రెండు అంకెలు, చివరి వాక్యంలో మీరు చెప్పిన దూరం. 6 ఓంలు, 88 డెసిబెళ్లు, 10 అడుగులు. ఈ మూడూ తెలిశాక రిసీవర్ ఎంపికలో ఊహకు పెద్దగా చోటుండదు, లెక్క వేసుకోవడమే మిగులుతుంది. వైర్ల విషయంలో తెలియవలసింది అంతకన్నా తక్కువ: ఎన్ని మీటర్లు కావాలి, ఎంత మందం ఉండాలి, లోపల ఉన్నది నిజంగా రాగేనా. దుకాణదారు చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. కానీ ఆయన చెప్పిన రెండు అంకెలనూ, అంటే 150 వాట్లనూ 900 రూపాయలనూ, మీరు నిశ్చింతగా పక్కన పెట్టవచ్చు.

ముందు ఓంల సంగతి. స్పీకరు మీద 6 ఓంలు అని రాసినా అది అన్ని స్వరాల దగ్గరా ఒకే విధంగా ఉండే అంకె కాదు. మంద్ర స్వరాల దగ్గర ఒక రకంగా, తార స్వరాల దగ్గర మరొక రకంగా మారుతూ ఉంటుంది. చెప్పిన అంకెలో 80 శాతం కన్నా కిందికి దిగకూడదని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది కాబట్టి, మీ టవర్లు కొన్ని స్వరాల దగ్గర 4.8 ఓంల దాకా దిగవచ్చని అనుకోవాలి. ఓంలు తగ్గేకొద్దీ అదే వోల్టేజీకి రిసీవర్ ఎక్కువ కరెంటు ఇవ్వవలసి వస్తుంది, ఎక్కువ కరెంటు ఇచ్చేకొద్దీ ఎక్కువగా వేడెక్కుతుంది. అందువల్ల మీరు కొనబోయే రిసీవర్ వెనుక స్పీకర్ల టెర్మినళ్ల దగ్గర "6–16 ఓంలు" అనో "4–16 ఓంలు" అనో రాసి ఉందో లేదో మొట్టమొదట చూడండి. 8 ఓంలకు తక్కువ వద్దని రాసి ఉంటే ఎంత చవకగా వచ్చినా దాన్ని అక్కడే వదిలేయండి. వెనుక స్పీకర్లు 8 ఓంలు, ముందువి 6 ఓంలు కావడం వల్ల ఇబ్బంది ఏమీ లేదు. రిసీవర్‌లో ఒక్కొక్క చానెల్‌కు విడిగా ఆంప్లిఫయర్ ఉంటుంది కాబట్టి ఏది దేనికి తగిలిందో దానితోనే దానికి లెక్క. చేయకూడనిది ఒకటే: పక్క గదిలో కూడా వినబడాలని ఒకే చానెల్ టెర్మినళ్లకు రెండు స్పీకర్లను జంటగా కలపకండి. 6 ఓంల స్పీకర్లు రెండు అలా కలిస్తే రిసీవర్‌కు 3 ఓంలుగా కనబడతాయి.

కొన్ని రిసీవర్ల మెనూలో ఓంలను ఎంచుకునే సెట్టింగు కూడా ఉంటుంది. దాన్ని తక్కువ ఓంలకు మార్చితే రిసీవర్ తన వోల్టేజీని కట్టడి చేసుకుంటుంది, వేడి తగ్గుతుంది, దాంతోపాటు బయటికి వచ్చే శక్తీ తగ్గుతుంది. 6 ఓంల స్పీకర్లకు దాన్ని ఎక్కడ ఉంచమని మాన్యువల్‌లో ఉంటే అక్కడే ఉంచండి.

ఇక డెసిబెళ్లు. 88 డెసిబెళ్లు అంటే స్పీకరుకు 2.83 వోల్టులు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే వచ్చే శబ్దం అని సాధారణంగా అర్థం. 8 ఓంల స్పీకరుకైతే 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాటు. మీది 6 ఓంలు కాబట్టి అది 1.33 వాట్లవుతుంది, అంటే అసలు ఒక్క వాటుకు మీ టవర్లు ఇచ్చేది 87 డెసిబెళ్లకు కాస్త తక్కువ. దూరం రెట్టింపయినప్పుడల్లా ఆరుబయట 6 డెసిబెళ్లు తగ్గుతాయి. నాలుగు గోడల మధ్య గోడల నుంచి తిరిగి వచ్చే శబ్దం కూడా కలుస్తుంది కాబట్టి అంత తగ్గదు. మీ 10 అడుగుల దూరానికి సుమారు 8 డెసిబెళ్లు తగ్గుతాయనుకుంటే, ఒక టవరుకు ఒక్క వాటు ఇచ్చినప్పుడు సోఫాలో మీకు 79 డెసిబెళ్ల దగ్గర వినబడుతుంది. ఒక్క వాటుకే ఇంట్లో మాటలు వినబడటం కష్టమయ్యేంత శబ్దం వస్తుందని చెబితే చాలామంది నమ్మరు, కానీ లెక్క అదే.

అక్కడి నుంచి పైకి వెళ్లే దారిలో ఒకే సూత్రం గుర్తుంచుకోండి. శక్తి రెట్టింపయితే 3 డెసిబెళ్లు పెరుగుతాయి, పది రెట్లయితే 10 డెసిబెళ్లు పెరుగుతాయి. అంటే మీ సోఫాలో 89 డెసిబెళ్లు కావాలంటే 10 వాట్లు, 95 కావాలంటే 40 వాట్లు, 98 కావాలంటే 80 వాట్లు చాలు. సినిమా థియేటర్ల ప్రమాణం ప్రకారం ముందు స్పీకర్లలో ప్రతి ఒక్కటీ ప్రేక్షకుడి దగ్గర 105 డెసిబెళ్ల గరిష్ఠ శబ్దం ఇవ్వగలగాలి. ఇంట్లో ఆ స్థాయిలో వినేవారు అరుదు. దానికి 10 డెసిబెళ్లు తక్కువ పెట్టుకున్నా 12 అడుగుల వెడల్పు హాలులో అది దద్దరిల్లే శబ్దమే, అందుకు మీకు కావలసింది 40 వాట్లు. పైగా ఆ గరిష్ఠం ఒక పేలుడు, ఒక డప్పు దెబ్బ పడిన క్షణంలో మాత్రమే అవసరమవుతుంది, సంభాషణలన్నీ ఒకటి రెండు వాట్ల లోపే నడుస్తాయి. దీనికి తోడు, అత్యధికంగా శక్తిని తినే 80 హెర్ట్జ్ కింది శబ్దాన్ని మీ సబ్‌ఊఫర్ తన సొంత ఆంప్లిఫయర్‌తో మోస్తుంది కాబట్టి రిసీవర్ మీద ఆ భారం పడదు.

కాబట్టి నిజమైన 80 నుంచి 100 వాట్ల రిసీవర్ మీకు అవసరానికి మించే సరిపోతుంది. 100 వాట్ల నుంచి 150 వాట్లకు వెళ్తే పెరిగేది 2 డెసిబెళ్లు కూడా కాదు. ఆ తేడాను చెవి పట్టుకోవడం కష్టం, ధరలో తేడా మాత్రం బాగా తెలుస్తుంది. స్పీకరు మీద "30 నుంచి 150 వాట్లు" అని రాసి ఉన్నది ఏ శక్తి గల ఆంప్లిఫయర్లు దీనికి తగినవో చెప్పే హద్దు మాత్రమే. పై అంకెను అందుకోవాలన్న నియమం అందులో లేదు.

"నిజమైన" అన్న మాటను కావాలనే వాడాను. అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో 150 వాట్లు అని ఉన్న రిసీవర్ వివరాల పట్టికలో చిన్న అక్షరాలు చదివితే, ఆ కొలత ఒకే చానెల్ నడుస్తున్నప్పుడు, 6 ఓంల దగ్గర, 1 కిలోహెర్ట్జ్ ఒక్క స్వరానికి, 10 శాతం డిస్టార్షన్ (శబ్దం వికృతం కావడం) వచ్చేదాకా శబ్దం పెంచి తీసిందని తరచు కనబడుతుంది. 10 శాతం డిస్టార్షన్ అంటే శబ్దం పగిలిపోతున్నట్టే. అదే పట్టికలో మరో వరుస ఉంటుంది: 8 ఓంలు, 20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ వరకు, రెండు చానెళ్లు నడుస్తున్నప్పుడు, 0.08 శాతం లేదా ఆ దరిదాపు డిస్టార్షన్. ఈ వరుసలో ఉండే అంకె చాలాసార్లు 80 గానో 90 గానో ఉంటుంది. రెండు రిసీవర్లను పోల్చేటప్పుడు ఈ వరుసనే ఈ వరుసతో పోల్చాలి. ఈ రెండో వరుస అసలు ఇవ్వని పెట్టెను, వేల వాట్లు పి.ఎం.పి.ఓ. (క్షణకాలపు గరిష్ఠం పేరుతో చెప్పే అంకె) అని రాసిన పెట్టెను నేనైతే చేత్తో కూడా ముట్టను. ఐదు చానెళ్లూ ఒకేసారి నడిస్తే ఈ 80 కూడా తగ్గుతుందన్నది నిజమే, అయితే సినిమాలో ఐదు స్పీకర్లూ ఒకే క్షణంలో గరిష్ఠ స్థాయికి చేరడం చాలా అరుదు కాబట్టి మీ హాలుకు అది అడ్డు కాదు.

ఇప్పుడు దుకాణదారు మాటలోని నిజం. స్పీకర్లు కాలిపోవడానికి ఎక్కువ వాట్లే కారణమని మనం అనుకుంటాం, తక్కువ వాట్ల ఆంప్లిఫయర్ కూడా కాల్చగలదు. 20 వాట్ల ఆంప్లిఫయర్‌ను దాని శక్తికి మించి పెంచితే శబ్ద తరంగం పైభాగం, కిందిభాగం కోసేసినట్టు చదునుగా మారుతుంది. ఆ తెగిన తరంగంలో అసలు పాటలో లేని తార స్వరాలు పుట్టి, వాటిని పలికే చిన్న స్పీకరైన ట్వీటరు మీద పడతాయి. ట్వీటరు లోపలి తీగ చాలా సన్నం, కొద్దిపాటి వాట్లకే మాడిపోతుంది. పండగ రోజున వాల్యూమ్ చివరిదాకా తిప్పి పెట్టే ఇళ్లలో ముందు పోయేది ట్వీటరే. కానీ పైన చెప్పిన లెక్క ప్రకారం 80 వాట్ల రిసీవర్‌కు మీ హాలులో ఆ గతి పట్టాలంటే చెవులు పట్టలేనంత శబ్దం పెట్టాలి. శబ్దం గరగరలాడటం వినబడగానే తగ్గించడం ఒక్కటే మీరు అలవాటు చేసుకోవలసినది.

మీ పాత హోమ్ థియేటర్ పెట్టెను ఈ స్పీకర్లకు వాడవద్దు. అలాంటి పెట్టెలను వాటితోపాటు వచ్చిన స్పీకర్ల కోసమే తయారు చేస్తారు, చాలావాటికి ప్లగ్గులు కూడా వేరుగా ఉంటాయి, సొంత కరెంటుతో నడిచే సబ్‌ఊఫర్‌కు ఇవ్వవలసిన అవుట్‌పుట్ తరచుగా ఉండదు. దాన్ని పడక గదికి పంపించండి.

బావమరిది గారి ప్రేమకు నమస్కారం చెప్పి, రిసీవర్ మాత్రం వద్దనండి. అమెరికాలో అమ్మే రిసీవర్లు సాధారణంగా 120 వోల్టులకు తయారైనవి, మన గోడ ప్లగ్గులో ఉన్నది 230 వోల్టులు. మార్పిడి ప్లగ్గు పెట్టి నేరుగా తగిలిస్తే లోపలి ట్రాన్స్‌ఫార్మరో, పవర్ సప్లయో మొదటి నిమిషంలోనే పోతుంది. వోల్టేజీ తగ్గించే వేరే ట్రాన్స్‌ఫార్మర్ పెట్టుకోవచ్చు, కానీ రిసీవర్‌కు తగినది కావాలంటే 1 కేవీఏ దాకా ఉండాలి. అది బరువు, చోటు తింటుంది, నిశ్శబ్దంగా ఉన్న గదిలో దాని ఝుంకారం వినబడుతుంది. ఆపైన ఏదైనా చెడిపోతే ఇక్కడ వారంటీ దొరకడం కష్టం. ఆయన్ను ఏదైనా తెమ్మనాలంటే వోల్టేజీతో పని లేని వస్తువు అడగండి.

వైర్ల దగ్గరికి వద్దాం. మీ జిల్లాలో 600 అడుగుల బోరులోకి మోటారు దించిన ఏ రైతును అడిగినా సన్న కేబుల్ వేస్తే మోటారుకు వోల్టేజీ అందదని చెబుతాడు. స్పీకరు వైరు లెక్క కూడా సరిగ్గా అదే: పొడవు పెరిగేకొద్దీ మందం పెరగాలి. వైరుకు వెళ్లే దారి, వచ్చే దారి రెండూ ఉంటాయి కాబట్టి పొడవును రెట్టింపు చేసుకుని, ఆ మొత్తం నిరోధం స్పీకరు ఓంలలో 5 శాతం దాటకుండా చూసుకుంటే చాలు. దాటితే శబ్దం కొద్దిగా తగ్గడమే కాదు, స్పీకరు ఓంలు స్వరాన్ని బట్టి మారుతుంటాయి కాబట్టి కొన్ని స్వరాలు ఎక్కువగా, కొన్ని తక్కువగా తగ్గి అసలు స్వభావం కాస్త మారుతుంది.

సన్నపోగుల మెత్తటి రాగి వైరుకు ప్రమాణం ప్రకారం కిలోమీటరుకు గరిష్ఠ నిరోధం 1 స్క్వేర్‌కు 19.5 ఓంలు, 1.5 స్క్వేర్‌కు 13.3, 2.5 స్క్వేర్‌కు 7.98. మీ టవర్లకు ఒక్కొక్కదానికి 4 మీటర్లు, సెంటర్‌కు 2 మీటర్లు, వెనుక స్పీకర్లకు గోడ పైకెక్కి, అంచు వెంబడి తిరిగి దిగడానికి ఒక్కొక్కదానికి 14 మీటర్లు పడుతుందని అనుకుంటున్నాను. టేపుతో కొలిచి సరిచూసుకోండి. టవరుకు 1.5 స్క్వేర్ వేస్తే రాకపోకలు కలిపి 8 మీటర్లకు 0.11 ఓం, అంటే 6 ఓంలలో 2 శాతం కూడా కాదు. వెనుక స్పీకరుకు ఎలక్ట్రీషియన్ చెప్పిన 1 స్క్వేర్ వేస్తే 28 మీటర్లకు 0.55 ఓం, 8 ఓంలలో దాదాపు 7 శాతం. ఇది హద్దు దాటింది. 1.5 స్క్వేర్ అయితే 0.37 ఓంతో 5 శాతానికి అంచున నిలబడుతుంది. 2.5 స్క్వేర్ అయితే 0.22 ఓం, 3 శాతం లోపే. గోడలోకి ఒకసారి పోయిన వైరును మళ్లీ మార్చడం ఎవరికీ ఇష్టం ఉండదు కాబట్టి వెనుక స్పీకర్లకు 2.5 స్క్వేర్ వేయండి, ముందు మూడింటికి 1.5 చాలు. అన్నింటికీ ఒకే చుట్ట కొనడం సులువనిపిస్తే అన్నింటికీ 2.5 వేసుకున్నా తప్పు లేదు.

ఈ లెక్కలో మీటరు 900 రూపాయల కేబుల్‌కు ఎక్కడా చోటు లేదని మీరే చూశారు. మీకు మొత్తం 38 మీటర్లు కావాలి, ఆ ధరకు 34,200 రూపాయలు. మందం, పొడవు, రాగి ఒకటే అయినప్పుడు ఈ దూరాలకు చెవి ఆ రెండు వైర్లను వేరు చేయలేదు. అనంతపురంలో మంచి ఎలక్ట్రికల్ దుకాణంలో ఐఎస్ఐ గుర్తు ఉన్న రెండు కోర్ల మెత్తటి రాగి వైరు, 2.5 స్క్వేర్ది, తీసుకుంటే అదే పని అదే నాణ్యతతో జరుగుతుంది. ఎలక్ట్రీషియన్ దగ్గర 2.5 స్క్వేర్ ఇంటి వైరు మిగిలి ఉంటే, ఎరుపు ఒకటి, నలుపు ఒకటి జంటగా వేసి దాన్నే వాడుకోవచ్చు. ఒక్క షరతు: లైట్లకూ ఫ్యాన్లకూ 230 వోల్టులు వెళ్లే పైపులోకి స్పీకరు వైర్లను ఎట్టి పరిస్థితుల్లోనూ తోయనివ్వకండి. పాతబడి ఎక్కడైనా తొడుగు దెబ్బతింటే ఆ 230 వోల్టులు రిసీవర్‌కూ, స్పీకరు వెనుక పెట్టిన మీ చేతికీ తగులుతాయి. వేరే పైపు లేకపోతే గోడ అంచున పట్టీ వేసి బయటే తీసుకెళ్లండి.

మోసం జరిగేది ధరలో కన్నా లోహంలో ఎక్కువ. స్పీకరు వైరు పేరుతో అమ్మే మెరిసే పారదర్శక వైర్లలో చాలావాటి లోపల ఉండేది రాగి పూత పూసిన అల్యూమినియం. దాని నిరోధం అదే మందపు రాగికి ఒకటిన్నర రెట్లు ఉంటుంది, మరల కింద బిగిస్తే పోగులు విరుగుతాయి, కాలం గడిచేకొద్దీ బిగింపు వదులవుతుంది. పట్టుకోవడం కష్టం కాదు. ఒక పోగును బ్లేడుతో గీరండి. గీరిన చోట తెల్లగా కనబడితే అది రాగి కాదు. పూర్తి చుట్ట కొంటుంటే తూకం వేయించండి. 2.5 స్క్వేర్ రాగి మీటరుకు 22 గ్రాములకు పైగా తూగుతుంది, అంటే 90 మీటర్ల చుట్టలో ఒక్కొక్క కోర్‌కు ప్లాస్టిక్ కాకుండా రెండు కిలోల రాగి ఉండాలి. అల్యూమినియం చుట్టలో లోహం బరువు అందులో సగానికి కూడా రాదు.

వైరు తగిలించేటప్పుడు తొందరపడకండి. చివర తొడుగును 12 మిల్లీమీటర్ల మేర తీసి, పోగులన్నీ ఒక్కటిగా గట్టిగా మెలిపెట్టి, ఒక్క పోగు కూడా బయటికి పొడుచుకు రాకుండా చూసి టెర్మినల్ రంధ్రంలో పెట్టి మర బిగించండి. రిసీవర్ వెనుక ఎరుపు, నలుపు టెర్మినళ్లు దగ్గరదగ్గరగా ఉంటాయి, వెంట్రుకంత పోగు ఒకటి అటు నుంచి ఇటు తగిలినా రిసీవర్ రక్షణ కోసం దానంతటదే ఆగిపోతుంది, రక్షణ లేని చవక ఆంప్లిఫయర్ అయితే మాడిపోతుంది. ఈ పని చేసేటప్పుడు ప్లగ్గు గోడ నుంచి తీసేసి ఉండాలి. చేతి వేళ్లకు అందని చోటైతే బనానా ప్లగ్గులు పెట్టుకోండి, వాటికి పెట్టే కొద్దిపాటి ఖర్చు సార్థకమే.

ప్రతి వైరులోనూ ఒక కోర్ మీద గీతో, అక్షరాలో, వేరే రంగో ఉంటుంది. ఆ కోర్‌ను ఐదు చోట్లా రెండు చివరలా ఎరుపుకే ఇవ్వండి. ఒక టవరుకు తిరగబడితే రెండు టవర్ల ఊఫర్లు (మంద్ర స్వరాలు పలికే పెద్ద స్పీకర్లు) ఒకటి ముందుకు, ఒకటి వెనక్కు కదులుతూ ఒకదాని మంద్రాన్ని మరొకటి మింగేస్తాయి, పాట పలచబడి మధ్యలో నిలవకుండా పోతుంది. రిసీవర్ నాసిరకమని జనం అనుకునే సందర్భాల్లో ఈ తప్పు తరచు దొరుకుతుంది. గోడలోంచి వచ్చిన వైరులో ఏది ఏదో తెలియకపోతే, రిసీవర్ వైపు చివరలు విడిగా ఉన్నప్పుడు 1.5 వోల్టుల పెన్సిల్ సెల్‌ను ఆ రెండు చివరలకు ఒక్క క్షణం తాకించండి. ఊఫర్ కాగితం బయటికి కదిలితే సెల్ ప్లస్ తగిలిన కోర్ ఎరుపుకు సంబంధించినది.

టీవీ సంగతి: హెచ్‌డీఎంఐ వేయండి. ఆప్టికల్ వైరు రెండు చానెళ్ల శుద్ధ శబ్దాన్నీ, డాల్బీ డిజిటల్, డీటీఎస్ 5.1 శబ్దాలనూ మోస్తుంది, అంతకు మించి మోయలేదు. ఓటీటీ సేవల్లో 5.1, అట్మాస్ (పైనుంచి కూడా వినబడే) శబ్దాలు ఎక్కువగా డాల్బీ డిజిటల్ ప్లస్ రూపంలో వస్తాయి, అది ఆప్టికల్ ద్వారా నేరుగా పోదు. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఆర్క్ పద్ధతి, అంటే టీవీ శబ్దాన్ని అదే హెచ్‌డీఎంఐ వైరు మీద రిసీవర్‌కు తిప్పి పంపే పద్ధతి, దాన్ని మోయగలదు. 2017లో హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈ-ఆర్క్ అయితే బ్లూరే డిస్కుల్లోని నష్టం లేని శబ్దాన్ని కూడా మోస్తుంది. టీవీ వెనుక నాలుగు హెచ్‌డీఎంఐ రంధ్రాల్లో ఒక్కదాని పక్కనే ఆర్క్ లేదా ఈ-ఆర్క్ అని ముద్రించి ఉంటుంది, దాన్నే రిసీవర్ మీద అదే పేరున్న అవుట్‌పుట్‌కు కలపండి. తర్వాత టీవీ సెట్టింగుల్లో సీఈసీని (హెచ్‌డీఎంఐతో కలిపిన పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఏర్పాటు) ఆన్ చేసి, శబ్దం బయటికి పంపే పద్ధతిని పాస్‌త్రూకో (వచ్చిన శబ్దాన్ని మార్చకుండా పంపేది), ఆటోకో మార్చండి. కలిపినా శబ్దం రావడం లేదంటే చాలావరకు ఈ రెండు సెట్టింగుల దగ్గరే చిక్కు ఉంటుంది. కేబుల్ 2 మీటర్లదైతే 18 గిగాబిట్ల ప్రీమియం హై స్పీడ్ కేబుల్ 4కే టీవీకి సరిపోతుంది. 48 గిగాబిట్లది ఆటల కన్సోల్ కోసం తప్ప అవసరం లేదు. డిజిటల్ సంకేతం విషయంలో కేబుల్ పనిచేస్తే పూర్తిగా పనిచేస్తుంది, లేకపోతే తెరపై చుక్కలో, ఆగి ఆగి వచ్చే శబ్దమో కనబడిపోతుంది. బంగారు పూత వల్ల గొంతు మధురం కాదు.

సబ్‌ఊఫర్‌కు రిసీవర్ సబ్ అవుట్‌పుట్ నుంచి ఒక్క షీల్డెడ్ ఆర్‌సీఏ కేబుల్ చాలు. కరెంటు వైరు వెంట దాన్ని తీసుకెళ్లకండి. తగిలించాక ఏమీ ఆడకుండానే గుయ్‌మని మోత వస్తే డీటీహెచ్ లేదా కేబుల్ టీవీ వైరును ఒకసారి తీసి చూడండి, మోత ఆగిపోతే తప్పు సబ్‌ఊఫర్‌ది కాదు, రెండు చోట్ల కలిసిన ఎర్తింగుది. మన ప్రాంతంలో ఎర్తింగు గురించి ఒక మాట అదనంగా చెప్పాలి. నేల ఎండిపోయేకొద్దీ ఎర్తు గుంత నిరోధం పెరుగుతుంది. వేసవిలో ఆ గుంతలో నీళ్లు పోయడం ఎంతమంది ఇళ్లలో జరుగుతుందో మీకే తెలుసు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తు కొలిపించండి, అవసరమైతే బొగ్గు, ఉప్పు మార్పించండి. వైర్ల మీద ఆయన ఒక పూట పనిచేస్తున్నప్పుడు ఇదీ అయిపోతుంది.

సాయంత్రాల్లో మీ వీధిలో వోల్టేజీ బాగా పడిపోతుంటే 1 కేవీఏ స్టెబిలైజర్ పెట్టుకోండి. ఇన్వర్టర్ మీద నడపాలంటే అది సైన్ వేవ్‌ది అయి ఉండాలి. ఉరుములు మొదలవగానే కరెంటు ప్లగ్గుతోపాటు డీటీహెచ్ వైరు కూడా తీసేయండి.

రిసీవర్‌ను ఎక్కడ పెట్టాలన్నది అనంతపురంలో చిన్న విషయం కాదు. ఈ తరహా రిసీవర్లు మామూలు శబ్దంలో నడుస్తున్నప్పుడు లాగిన కరెంటులో ఎక్కువ భాగాన్ని వేడిగానే వదులుతాయి. మే నెలలో మేడ మీది హాలు అప్పటికే కాగి ఉంటుంది, దానికి తోడు 6 ఓంల స్పీకర్లు. అద్దం తలుపులున్న షోకేసులో పెడితే రెండో సినిమా సగానికి వచ్చేసరికి ఆగిపోయినా ఆశ్చర్యం లేదు. పైన కనీసం ఆరు అంగుళాలు, రెండు పక్కలా, వెనుకా నాలుగేసి అంగుళాలు ఖాళీ ఉండేలా తెరిచిన అరలో పెట్టండి. దాని నెత్తి మీద సెట్‌టాప్ బాక్సు గానీ, ఎంబ్రాయిడరీ గుడ్డ గానీ పెట్టనివ్వకండి. పై జల్లెడ మీద దుమ్మును మెత్తటి బ్రష్షుతో అప్పుడప్పుడు తుడవండి.

అంతా కలిపాక రిసీవర్ మెనూలో టవర్లతో సహా ఐదు స్పీకర్లనూ "స్మాల్" అని పెట్టి, క్రాసోవర్‌ను, అంటే మంద్ర శబ్దాన్ని విడదీసే హద్దును, 80 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. అంత పెద్ద టవర్లను స్మాల్ అనడానికి మనసొప్పదు, కానీ ఆ సెట్టింగు స్పీకరు ఎత్తును గురించి చెప్పదు, మంద్ర శబ్దాన్ని సబ్‌ఊఫర్‌కు పంపమని మాత్రమే చెబుతుంది. సబ్‌ఊఫర్ వెనుక ఉన్న క్రాసోవర్ మరను చివరిదాకా తిప్పేయండి, ఆ పని రిసీవర్ చేస్తోంది. ఒకే శబ్దాన్ని రెండు చోట్ల కోయకూడదు.

రిసీవర్‌తో వచ్చే మైకుతో గదిని కొలిపించే పని మాత్రం మొదటి రోజే చేయవద్దు. మీ హాలు నేల తాడిపత్రి బండలో, కడప బండలో అయి, గోడలు ఖాళీగా ఉంటే, ట్వీటర్ల శబ్దం ఆ నున్నటి రాళ్ల మీద పడి తిరిగి వచ్చి మాటలు గీసుకుపోయినట్టు వినబడతాయి. చాలామంది ఆ కరుకుదనాన్ని రిసీవర్ మీదో వైరు మీదో నెట్టి వేలు ఖర్చు పెడతారు. మీటరు 900 కేబుల్‌కు పోయే డబ్బులో చిన్న భాగంతో స్పీకర్లకూ సోఫాకూ మధ్య ఒక మందపాటి జంపఖానా, కిటికీలకు బరువైన కర్టెన్లు వచ్చేస్తాయి. అవి వేశాకే మైకును స్టాండు మీద, మీరు కూర్చునే చోట చెవి ఎత్తున నిలబెట్టి, ఫ్యాన్లు, ఏసీ ఆపి కొలత తీయించండి. తర్వాత సోఫా జరిగినా, జంపఖానా తీసేసినా ఆ కొలత మళ్లీ తీయాలి.